అంచు కథ: మసిబట్ట నుంచి ఓవర్‌లాక్ దాకా

మా అపార్ట్‌మెంటులో ఆమధ్య వానాకాలంలో డ్రైనేజీ పైపు జామైంది. ప్లంబరు వచ్చి గంటసేపు కుస్తీపట్టి, లోపల్నుంచి ఒక పెద్ద ముద్ద బయటికి లాగాడు. చూస్తే అన్నీ వెట్ వైప్సే. బురద పట్టాయి, జిడ్డు పట్టాయి గానీ ఒక్కటి కూడా చిరగలేదు, కరగలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ లైనులో చిన్నపిల్లలున్న ఇళ్ళు రెండే, అందులో ఒకటి మాది. నేను ఎవరి మొహమూ చూడకుండా, ఏదో అర్జెంటు కాల్ వచ్చినట్టు ఫోను చెవిదగ్గర పెట్టుకుని మెట్లెక్కేశాను.

పాపకి అప్పుడు నాలుగోనెల. రోజుకి పది పన్నెండు వైప్స్ అయ్యేవి. ప్యాకెట్టు మీద సన్నటి అక్షరాలతో టాయిలెట్‌లో వెయ్యొద్దని రాసే ఉంది. టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా యాక్సెప్ట్ నొక్కే జాతి కదా మనది, అదీ చదవలేదు.

మా అమ్మ ఆ వారమే నస్రుల్లాబాద్ నుంచి వచ్చింది. (బాన్సువాడ దగ్గర మా ఊరు. ఇదివరకు నిజామాబాద్ జిల్లా, బీర్కూర్ మండలం. 2016లో కామారెడ్డి జిల్లా అయినప్పుడు మా ఊరే మండలమైంది.) జరిగింది విని నవ్వింది. "గా కాయితాలకు పైసలెందుకు పెడుతుర్రా బిడ్డా? ఇంట్ల పాత బట్టలు లెవ్వా?" అని, నాన్న పాత లుంగీ ఒకటి, తన పాత నేతచీర ఒకటి తీసి పర్రుపర్రున చింపి ముప్పై ముక్కలు చేసింది. ఉడుకునీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి, మడతపెట్టి ఇచ్చింది. మా ఆవిడకి కొంచెం అనుమానమే, కానీ అత్తమ్మ మాట తీసెయ్యలేక సరేనంది.

పదిరోజులు బాగానే గడిచింది. పదకొండోరోజు రాత్రి పాప ఒకటే ఏడుపు. పాలకి కాదు, కడుపునొప్పి కాదు. ఏం చేసినా ఆగదు. చివరికి మా ఆవిడ సాక్సు విప్పి చూస్తే కుడికాలి చిన్నవేలు ఎర్రగా ఉబ్బిపోయి ఉంది. వేలు మొదట్లో సన్నటి గీత. ఆ గీతలో నూలుపోగు. బట్టముక్క అంచునుంచి ఊడిన పోగు వేలికి నాలుగైదు చుట్లు చుట్టుకుని బిగుసుకుపోయింది. రాత్రి పదకొండింటికి ఆసుపత్రికి పరుగెత్తాం. డాక్టరుగారు భూతద్దం పెట్టుకుని, చిన్న కత్తెరతో పోగు తీశారు. పసిపిల్లల వేళ్ళకి ఇలా తల వెంట్రుకలో, దారాలో చుట్టుకోవడం డాక్టర్లకి తెలిసిన సమస్యేనట. ఆలస్యమైతే రక్తం ఆగి వేలు దెబ్బతింటుందని చెప్పారు. మేం సమయానికే వెళ్ళాం. రెండురోజుల్లో వాపు తగ్గిపోయింది.

కానీ ఇంట్లో వాపు తగ్గలేదు. మా ఆవిడ ఒక్కమాట కూడా అనలేదు. ముప్పై ముక్కలూ ఒక కవర్లో కట్టి బాల్కనీలో పెట్టింది, అంతే. అమ్మ రెండురోజులు పాపని ఎత్తుకోలేదు. మూడోరోజు పొద్దున బ్యాగు సర్దుకుని, "ఊర్ల నాట్లు పడుతున్నయ్, పోవాలె" అంది. మాకున్నది రెండెకరాలు. అదీ కౌలుకిచ్చాం.

నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టింది అప్పుడే. నాకు కావలసింది ఒకే ప్రశ్నకి జవాబు. తప్పు ఎక్కడ జరిగింది? బట్టలోనా, మనిషిలోనా? ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే మనం రూట్ కాజ్ రాస్తాం కదా, అలాగన్నమాట. తవ్వుకుంటూ పోతే అది రెండువందల ఏళ్ళ చరిత్రలోకి తీసుకెళ్ళింది.

అంచు అంటే ఏమిటి

నేతబట్టలో రెండురకాల దారాలుంటాయి. నిలువుగా పడుగు, అడ్డంగా పేక. మగ్గం మీద పేకదారం ఒక చివరకి వెళ్ళి, తిరిగి వెనక్కొస్తుంది. అలా తిరిగే చోట తయారయ్యేదే అసలు అంచు. అది విచ్చిపోదు, ఎందుకంటే అక్కడ దారం తెగలేదు. బట్టని ఎక్కడ కత్తిరించినా, చింపినా అక్కడ దారాలు తెగుతాయి. తెగిన చోట వాటిని పట్టుకునేది ఏదీ ఉండదు, ఒక్కొక్కటే ఊడొస్తాయి. మన పనిలో ఎడ్జ్ కేసులే కొంప ముంచుతాయని మనందరికీ తెలుసు. బట్టకీ అంతే, మధ్యలో ఎప్పుడూ సమస్య లేదు.

అందుకే పాతకాలంలో బట్టని వీలైనంతవరకు కొయ్యకుండా వాడుకున్నారు. చీర, పంచె, తువ్వాల, కండువా, రుమాలు అన్నీ మగ్గం మీంచి దిగినవి దిగినట్టే. రెండువైపులా మగ్గం ఇచ్చిన అంచు, మిగిలిన రెండువైపులా కుచ్చులు ముడెయ్యడమో, మడిచి కుట్టడమో. చీరాల నుంచి అరబ్బు దేశాలకి ఎగుమతైన తేలియా రుమాళ్ళు కూడా ఇలా మగ్గమ్మీంచి దిగిన చదరపు గుడ్డలే. (ఇప్పుడు ఆ నేతకి పుట్టపాక పేరు. 2020లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.)

మరి ఆ బట్ట పాతబడ్డాక? మా ఇంట్లో చీర ప్రయాణం ఇలా ఉండేది. మంచి చీర, తర్వాత ఇంట్లో కట్టే చీర, తర్వాత బొంతలోకి. బొంతకి పనికిరానిది పొత్తిగుడ్డ. తర్వాత పొయ్యిదగ్గర మసిబట్ట. ఆ తర్వాత అలుకుబట్ట. చివరికి పేలిక, దీపానికి ఒత్తి. ప్రతి మెట్టులోనూ బట్ట చిన్నదవుతుంది. ప్రతి మెట్టులోనూ కొత్తగా తెగిన అంచులు పుడతాయి. ఆ అంచుల్ని ఎవరూ కుట్టరు, ఎందుకంటే చేత్తో నాలుగువైపులా మడిచి కుట్టేంత తీరిక పొయ్యిదగ్గరి గుడ్డ మీద ఎవరికుంటుంది? పోగులు ఊడితే ఊడాయి, ఇంకోటి చింపుకోవచ్చు.

ఇక్కడ ఒకమాట. "మన సంస్కృతిలో దేన్నీ పారేసేవాళ్ళం కాదు" అని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, కానీ అందులో సగం లేమి, మిగతా సగం ఆడవాళ్ళ చాకిరీ. ఆ గుడ్డల్ని ఉతికిందీ, ఉడికించిందీ, ఎవరికంటా పడకుండా చాటున ఆరేసుకుందీ వాళ్ళే. ఆ లెక్క వదిలేసి రాసే సంస్కృతి వ్యాసాలు చదివితే నాకు చిరాకు.

పాతగుడ్డకి ఇంట్లో విలువ లేకపోయినా ప్రపంచంలో ఒకప్పుడు చాలా విలువుండేది. యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళపాటు కాగితం తయారైందే పాత నారబట్టల నుంచి. చింకిగుడ్డలు ఏరుకునేవాళ్ళు వీధివీధికీ తిరిగేవాళ్ళు. 1844 ప్రాంతంలో జర్మనీలో కెల్లర్ అనే ఆయన కర్రని అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాక గుడ్డల అవసరం తగ్గుతూ వచ్చింది. మన కాగజ్‌నగర్‌లో 1938లో పెట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు నాటికి అడవే ముడిసరుకు. అంటే ఒకప్పుడు గుడ్డ చచ్చిపోయి కాగితమయ్యేది. ఇరవయ్యో శతాబ్దంలో కాగితమే వచ్చి గుడ్డని వంటింట్లోంచి వెళ్ళగొట్టింది.

కుట్టుమిషన్ వచ్చింది

అంచు కుట్టడానికి తీరిక లేదన్నది కదా సమస్య, మరి కుట్టుమిషన్ దాన్ని తీర్చాలి కదా? తీర్చింది, కానీ సగమే.

ఫ్రాన్స్‌లో థిమోనియే అనే దర్జీ 1830లో కుట్టుమిషన్‌కి పేటెంటు తీసుకుని సైన్యం యూనిఫాంలు కుట్టే కార్ఖానా పెట్టాడు. 1831లో తోటి దర్జీలే వచ్చి మిషన్లన్నీ విరగ్గొట్టారు, తమ పొట్ట కొడుతున్నాడని. (ఆటోమేషన్ వస్తే ఉద్యోగాలు పోతాయా అని ఇప్పుడు మనం క్యాంటీన్లో చేసే చర్చ ఇదే. కాకపోతే మనం విరగ్గొట్టడానికి లేవం.) అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో, ఐజాక్ సింగర్ 1851లో పేటెంట్లు తీసుకున్నారు. ఒకళ్ళమీద ఒకళ్ళు కేసులు వేసుకున్నారు. చివరికి 1856లో హోవ్, సింగర్‌తో పాటు ఇంకో రెండు కంపెనీలు రాజీపడి పేటెంట్లన్నీ ఒకచోట కుప్పపోసి, ఎవరు మిషన్ చేసినా రుసుము కట్టాలన్నారు. పేటెంట్ పూల్ అనే పద్ధతికి ఇదే మొదటి పెద్ద ఉదాహరణ. వీడియో కోడెక్‌ల దగ్గర, మొబైల్ నెట్‌వర్కుల దగ్గర మనం చూసే పంచాయతీలకి తాతన్నమాట. అదే 1856లో సింగర్ కంపెనీ వాయిదాల పద్ధతి మొదలుపెట్టింది. ఈఎంఐ మీద ఇంట్లోకి వచ్చిన మొదటి యంత్రాల్లో కుట్టుమిషన్ ఒకటి.

పంతొమ్మిదో శతాబ్దం చివరికే సింగర్ మిషన్లు మన దేశంలో అమ్ముడవుతున్నాయి. డేవిడ్ ఆర్నాల్డ్ అనే చరిత్రకారుడు 2013లో 'ఎవ్రీడే టెక్నాలజీ' అనే పుస్తకం వేశారు. రైళ్ళూ, డ్యాములూ కాదు, మామూలు మనిషి జీవితాన్ని మార్చినవి సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యం మిల్లు అని వాటి చుట్టూ రాశారు. మా ఊరివాడిగా నేను కొంచెం సవరణ కోరతాను. 1931లో నిజాంసాగర్ డ్యాము పూర్తయి మంజీర నీళ్ళు పారాకే మా వైపు అంత వరి, ఆ వరితోటే అన్ని బియ్యం మిల్లులు. చిన్న యంత్రం వెనకాల పెద్ద యంత్రం ఉంటుంది.

యంత్రాలంటే పడదని పేరున్న గాంధీగారు కూడా కుట్టుమిషన్‌ని మినహాయించారు. 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతన్ విద్యార్థి అడిగిన ప్రశ్నలకి జవాబు చెబుతూ, అది మనిషికి పనికొచ్చే కొద్ది యంత్రాల్లో ఒకటన్నారు. భార్య చేత్తో కుట్టే కష్టం చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని కూడా చెప్పారు. వినడానికి బాగుంటుంది గానీ, అసలు సింగర్ అంత మంచి భర్తేం కాదు. నాటకాల్లో వేషాలేసేవాడు, నలుగురైదుగురు ఆడవాళ్ళతో ఇరవైమందికి పైగా పిల్లలు. బోస్టన్‌లో వేరేవాళ్ళ మిషన్‌ బాగుచెయ్యబోయి డబ్బుకోసం తన మిషన్ చేశాడు. గాంధీగారి కథలో సింగర్ మాట తప్పైనా, కుట్టే ఆడవాళ్ళ కష్టం మాట మాత్రం తప్పు కాదు.

1930ల్లో కలకత్తాలో ఉషా మిషన్ వచ్చింది. మా అమ్మది కూడా నల్లటి కాలుమిషనే. మా వైపు ఇంటిపట్టున ఉండి ఆడవాళ్ళు సంపాదించే దారులు ముఖ్యంగా రెండు, బీడీలు చుట్టడం, బట్టలు కుట్టడం. అమ్మ జాకెట్లు కుట్టింది. నా ఇంజనీరింగ్ ఫీజులో ఎన్ని వందల జాకెట్లున్నాయో నేనెప్పుడూ లెక్కెయ్యలేదు. లెక్కేస్తే నిద్రపట్టదు.

కానీ ఈ మిషన్‌కి ఒక పరిమితి ఉంది. ఇది పైదారం, కింద బాబిన్ దారం కలిపి ఒక గీతలాగా కుడుతుంది. ఆ గీత అంచుకి లోపల పడుతుంది, అంచుని మాత్రం పట్టుకోదు. అంచు ఊడకూడదంటే బట్టని రెండుసార్లు లోపలికి మడిచి కుట్టాలి. మూలల దగ్గర మందంగా ముద్దకడుతుంది. ఒక జేబురుమాలుకి ఓకే, ముప్పై మసిబట్టలకి ఎవరు చేస్తారు?

మెర్రో గారి దారపు వల

మిగతా సగం తీర్చింది అమెరికాలో కనెక్టికట్‌లోని మెర్రో కుటుంబం. వాళ్ళది మొదట తుపాకీమందు మిల్లు. అది పేలిపోయింది. 1838లో దాని బదులు అల్లికబట్టల మిల్లు పెట్టారు. అల్లికబట్ట, అంటే మన బనియన్ గుడ్డ, నేతకన్నా మొండిది. కోసిన చోట ఒక కన్ను ఊడితే వరసగా ఊడుతూనే పోతుంది. కాబట్టి అంచు సమస్య వాళ్ళకి అన్నం పెట్టే సమస్య. 1881లో వాళ్ళు అంచు చుట్టూ దారం అల్లే మిషన్ తయారుచేశారు. ఇప్పుడు మనం ఓవర్‌లాక్ అంటున్నది అదే. అమెరికాలో సర్జర్ అంటారు. తర్వాత తర్వాత బట్టలకన్నా ఆ మిషన్లకే ఆ కుటుంబం పేరు నిలిచింది.

అది పనిచేసే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. బాబిన్ ఉండదు. సూది ఒకటో రెండో, వాటితోపాటు లూపర్లని రెండు కొక్కేలు. కింది లూపర్ బట్ట కిందనుంచి దారం తెస్తుంది, పై లూపర్ దాన్ని అందుకుని అంచు మీదుగా పైకి తెస్తుంది, సూది వచ్చి దాన్ని పట్టేస్తుంది. అంటే అంచు ఒక దారపు వలలో ఇరుక్కుంటుంది. సూదికి కొంచెం ముందు చిన్న కత్తి ఉండి, అడ్డదిడ్డంగా ఉన్న అంచుని కోసేస్తూ పోతుంది. కొయ్యడం, కుట్టడం, చుట్టడం మూడూ ఒకే పాసులో. మన ఊళ్ళలో మ్యాచింగ్ సెంటర్ల ముందు "పీకో, ఫాల్స్, ఓవర్‌లాక్" అని బోర్డు ఉంటుందే, ఆ మూడోది ఇదే. మీరు వేసుకున్న టీషర్టుని లోపలికి తిప్పి పక్కకుట్టు చూడండి, ఈ వల కనిపిస్తుంది.

చాలాకాలం ఇది ఫ్యాక్టరీ మిషనే. 1960ల్లో జపాన్‌వాళ్ళు ఇంటి బల్లమీద పట్టేంత చిన్నది చేశారు. అది అమెరికాకి వెళ్ళింది, గల్ఫుకి వెళ్ళింది. గల్ఫు నుంచి ఒకటి మా ఊరికి కూడా వచ్చింది, ఆ కథ చివర్లో చెప్తాను.

అంచే లేని బట్ట

ఇంతలో ఇంకొకళ్ళు ఈ సమస్యని వేరేగా తీర్చేశారు. 1957లో న్యూయార్క్‌లో ఆర్థర్ జూలియస్ అనే ఆయన, సూపుని కొలిచి ప్యాకెట్లలో పోసే పాత మిషన్‌ ఒకటి కొని, దాన్ని మార్చి తడికాగితం ప్యాక్ చేసే మిషన్ చేశాడు. పేరు వెట్‌న్యాప్. 1963 నుంచి కేఎఫ్‌సీలో కోడి తిన్నవాళ్ళు చేతులు తుడుచుకోవడానికి ఇచ్చారు. వెట్ వైప్స్ కథ అక్కడ మొదలు.

తర్వాత కాగితం పోయి నాన్-వోవెన్ వచ్చింది. పేరులోనే ఉంది, నెయ్యని బట్ట. పడుగు లేదు, పేక లేదు. పాలిస్టరో, విస్కోసో పీచుని పొరలాగా పరిచి, గట్టి నీటిధారతోనో, వేడితోనో ఒకదాన్నొకటి పట్టుకునేలా చేస్తారు. నేత లేదు కాబట్టి కోస్తే ఊడే దారం లేదు. అంచు కుట్టక్కర్లేదు. మిషన్‌లోంచి వేలకొద్దీ అలా కోసుకుంటూ పోవచ్చు. వైప్ చవకవడానికి నాకు కనిపించిన అసలు రహస్యం ఇదే. వాళ్ళు అంచు సమస్యని పరిష్కరించలేదు, అంచునే తీసేశారు.

కానీ మనం సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్గుని "దారి మూసేసి" సరిచేస్తే అది ఇంకోచోట తేలుతుంది కదా. నీళ్ళలో పడ్డా పీచు విడిపోకూడదని చేసిన వస్తువు డ్రైనేజీలో కూడా విడిపోదు. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగుకాలవలో కొవ్వూ, వైప్సూ కలిసి గడ్డకట్టిన కొండ దొరికింది. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. మా ప్లంబరు లాగింది దానికి మనవరాలు.

అటక మీది మిషన్

ఇవన్నీ చదివాక నా రూట్ కాజ్ తేలింది. బట్ట తప్పుకాదు, అమ్మ తప్పుకాదు. చింపిన అంచు తప్పు. వెంటనే అమ్మకి ఫోన్ చేసి మెర్రో నుంచి మొదలుపెట్టి చెప్పాను. అంతా విని, "గది నాకెరకనే గదరా, కుట్టు లేని అంచు పోగులు పోతదని. ముప్పై ఏండ్ల సంది గదే పనిచేస్తున్న. పిల్లకు పెడుతున్నప్పుడు యాదికి రాలే" అంది. ఆ తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఆ శనివారం మేం ముగ్గురం ఊరెళ్ళాం. 1990ల్లో మా మామ దుబాయ్ నుంచి వస్తూ అక్కకి ఒక తెల్లటి చిన్న మిషన్ తెచ్చాడు. నాలుగు దారాలు, ఇంగ్లీషులో జపనీస్‌లో ఒక పుస్తకం. ఎవరికీ దారం ఎక్కించడం రాలేదు. ఎక్కించిన ప్రతిసారీ నాలుగు కుట్లకే తెగేది. బాన్సువాడలో మిషన్ మెకానిక్కి చూపిస్తే ఇది మన మోడల్ కాదన్నాడు. అటకెక్కింది. దాదాపు ముప్పై ఏళ్ళు అక్కడే ఉంది.

దింపి, దుమ్ము దులిపి, నూనె వేశాం. పుస్తకం ఎలుకలు తినేశాయి. నేను యూట్యూబ్ పెట్టాను, అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. వరస ముఖ్యం. ముందు పై లూపర్, తర్వాత కింది లూపర్, చివర్లో సూది. సూదికి ముందే ఎక్కించేసి, తర్వాత కింది లూపర్‌కి ఎక్కిస్తే రెండు దారాలూ మెలికపడి తెగిపోతాయి. డిపెండెన్సీ ఆర్డర్! మూడు దశాబ్దాలు ఒక మంచి యంత్రం అటకమీద పడుండటానికి కారణం ఇంత చిన్నది. మెలికతీసి సరిగ్గా ఎక్కించి పెడల్ నొక్కితే, గొలుసులాగా కుట్టు బయటికొచ్చింది. అమ్మ మొహం చూడాలి అప్పుడు.

తర్వాత నా పని అయిపోయింది. అమ్మే చేసింది. పాత నూలులుంగీ ఒక పొర, అరిగిన టర్కీ తువ్వాల ఒక పొర. పాలిస్టర్ కలిసింది పక్కన పెట్టింది, అది నీళ్ళు పీల్చదు. ఎనిమిదంగుళాల చదరాలు. మూలల్ని స్టీలుగిన్నె పెట్టి గుండ్రంగా గీసింది, మూల దగ్గర ఆగి తిప్పే పని లేకుండా. ఒక ముక్క అయిపోగానే దారం కొయ్యకుండా వెనకాలే ఇంకోటి పెట్టింది. రైలుపెట్టెల్లాగా ముక్క వెనక ముక్క బయటికొచ్చాయి. లెక్కకి చూస్తే ఒక్కోదాని చుట్టుకొలత 32 అంగుళాలు. అంగుళానికి పది కుట్లు, నిమిషానికి వెయ్యి కుట్లు వేసుకున్నా ఇరవై సెకన్లలోపే. మామూలుగా మెల్లగా కుట్టినా నిమిషం. ముప్పై ముక్కలకి అరగంట. కాలుమిషన్ మీద మడిచి కుడితే ఒక రోజు పోయేది.

చివర్లో ఒక పని చేసింది. ప్రతి ముక్కకీ మిగిలిన తోకదారాన్ని పెద్దసూదికి ఎక్కించి, కుట్టు లోపలికే రెండంగుళాలు వెనక్కి లాగి, అప్పుడు కత్తిరించింది. ముప్పై ముక్కలకీ. ఇది మిషన్ చెయ్యదు. ఇది చెయ్యకపోతే ఓవర్‌లాక్ కూడా తోకనుంచి ఊడుతుంది, ఊడితే మళ్ళీ పోగే. అన్నీ అయ్యాక ఒక్కోదాన్నీ కిటికీ వెలుగులో పెట్టి, చుట్టూ గోరుతో గీరి చూసింది. పదేళ్ళ టెస్టింగ్ అనుభవం ఉన్నవాళ్ళలో కూడా అంత శ్రద్ధ నేను చూడలేదు.

మా ఆవిడ పక్కన కూచుని అంతా చూసింది. ఒకటి తీసుకుని తనూ గోరుతో గీరింది. "అత్తమ్మా, దీనికి రెండు రంగుల దారం పెడ్దామా? మొహానిదొకటి, కిందిదొకటి తెలిసేటట్టు?" అంది. అమ్మ వెంటనే ఎర్రదారం కోసం డబ్బా వెతకడం మొదలుపెట్టింది.

లెక్క చెప్పకపోతే తప్పు

ఇదేదో పర్యావరణాన్ని కాపాడేశామని డబ్బా కొట్టుకోవడానికి కాదు. ఖర్చులు చెప్పాలి. మూడుదారాల ఓవర్‌లాక్ కుట్టు, కుట్టిన పొడవుకి సుమారు పద్నాలుగు రెట్ల దారం తాగుతుంది. మామూలు మిషన్‌కి రెండున్నర రెట్లే. అంటే ఒక్క గుడ్డకి పదకొండు మీటర్లకి పైనే. బజార్లో దొరికే కోన్ దారం ఎక్కువగా పాలిస్టరే, ప్లాస్టిక్ వద్దని మొదలుపెట్టి ప్లాస్టిక్‌తోనే అంచు కడతామన్నమాట. మేం నూలుదారం వెతికి తెచ్చాం, అది కొంచెం ఎక్కువ తెగుతుంది. ఇక ఉతకడం. రోజూ పది ముక్కలు ఉతికి ఆరెయ్యాలి. ఆ పని మళ్ళీ మా ఆవిడ మీదే పడితే, పాతకాలపు చాకిరీకి కొత్త అంచు కుట్టినట్టే అవుతుంది. అందుకని ఆ బకెట్టు నాది. ఆఫీసు కాల్‌కి ముందు ఉతుకుతాను. ప్రయాణాల్లో ప్యాకెట్ వైప్సే వాడతాం, సిగ్గుపడం, కానీ డస్ట్‌బిన్‌లో వేస్తాం.

ఇంట్లో మిషన్ల మీద కుట్టిన చిన్నగుడ్డ ఎంత పనిచేస్తుందో మనం 2020లో చూశాం కూడా. కరోనా మొదట్లో మాస్కులు దొరకనప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళే ఉతుక్కునే బట్టమాస్కులు కుట్టారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల మాస్కులు అనుకుంటే, ఆ పని వాళ్ళకే అప్పజెప్పింది. పెద్ద ఫ్యాక్టరీలు తేరుకునేలోపు ఊళ్ళలో నల్లటి కాలుమిషన్లు ఆదుకున్నాయి. ఆ పనికి చరిత్రలో ఎవరూ మెర్రో, సింగర్ అని పేర్లు రాయరు.

పాపకిప్పుడు నడక వచ్చింది. ముప్పైలో ఇరవైనాలుగు గుడ్డలు ఇంకా వాడుకలో ఉన్నాయి. ఆరింటికి అంచు వదులైంది. వాటిని పాప దగ్గరికి రానివ్వకుండా గట్టు తుడవడానికి మార్చాం. నెలకోసారి ఫోన్లో అమ్మ మొదట అడిగే మాట, "అంచులు చూస్తున్నవారా?" అని. చూస్తున్నానమ్మా అంటాను. నిజంగానే చూస్తాను, ప్రతి ఆదివారం, కిటికీ దగ్గర, గోరుతో గీరి.

మీ ఇళ్ళలో అటకమీద ఇలాంటి మిషన్ ఏదైనా ఉంటే దింపండి. దారం తెగితే కంగారుపడకండి. పై లూపర్, కింది లూపర్, ఆఖర్న సూది.